ఎవరి మాట, ఎవరి రాత: కైరో గెనిజా కాగితాల్లో స్త్రీలు

దేవుడి పేరు రాసిన కాగితాన్ని చించి పారేయకూడదని యూదుల నమ్మకం. చిరిగిపోయిన గ్రంథాల్నీ వాడకం తీరిన కాగితాల్నీ ఒక గదిలో పడేసి, తరవాత ఎప్పుడో మనిషిని పాతిపెట్టినట్టు భూమిలో పాతిపెడతారు. ఆ గదిని గెనిజా అంటారు. పాత కైరోలో, అంటే ఒకప్పటి ఫుస్తాత్ నగరంలో, బెన్ ఎజ్రా సినగాగ్ గెనిజాలోని కాగితాలు భూమిలోకి చేరలేదు. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళపాటు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. హీబ్రూ లిపిలో ఉన్న ప్రతిదీ అందులోకే వెళ్ళింది. ప్రార్థనలు, పద్యాలతో పాటు పెళ్ళి ఒప్పందాలు, విడాకుల పత్రాలు, అప్పు చీటీలు, కోర్టు వాంగ్మూలాలు, వీలునామాలు, ఓడలో వెళ్ళిన సరుకు లెక్కలు, భర్తకి భార్య పంపిన కబురు, అన్నకి చెల్లెలు పెట్టుకున్న మొర, అన్నీ అక్కడే చేరాయి. ఈ కాగితాల్లో చాలావాటి భాష అరబిక్, లిపి హీబ్రూ. ఇప్పుడు ప్రపంచంలోని గ్రంథాలయాలన్నిట్లో కలిపి ఈ గెనిజా ముక్కలు దాదాపు 4 లక్షలు ఉంటాయని అంచనా. అందులో 1 లక్షా 93 వేలు ఒక్క కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోనే ఉన్నాయి.

ఆ గది ఎక్కడుందో కూడా చెప్పుకోవాలి. సినగాగ్‌లో స్త్రీలు విడిగా కూచునే పై వసారా చివర గోడలో, ఎత్తున ఒక కంత. నిచ్చెన వేసుకుని ఎక్కితే తప్ప లోపలికి చూడలేరు. ప్రార్థనలో స్త్రీలకి ఇచ్చిన చోటూ, పనికిరాని కాగితాలకి ఇచ్చిన చోటూ పక్కపక్కనే ఉన్నాయి. దీనికి పెద్ద అర్థాలు తీయనవసరం లేదు గానీ, స్త్రీల చరిత్ర వెతికే వాళ్ళకి ఈ చిరునామా గుర్తుండిపోతుంది.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఈ కాగితాల దగ్గరికి నేను చరిత్రకారుల దారిలో రాలేదు. నాకున్న ప్రశ్న సాహిత్య విమర్శ ప్రశ్నే. ఒక కోర్టు పత్రంలో ఒక స్త్రీ 'నేను' అన్నప్పుడు ఆ 'నేను' ఎవరిది? ఆమె అరబిక్‌లో మాట్లాడింది. లేఖకుడు దాన్ని హీబ్రూ అక్షరాల్లో, న్యాయశాస్త్రం అడిగే మూసలో రాశాడు. సాక్షులు సంతకం పెట్టారు. వాళ్ళంతా మగవాళ్ళే. ఇన్ని చేతులు మారాక కాగితం మీద మిగిలింది ఆమె గొంతేనని ఎలా అనుకోవడం? గొంతు కాదని తోసేస్తే మనకి మిగిలేది ఏమిటి? ఇరవై ముప్పై ఏళ్ళుగా 'స్త్రీ గొంతు' అనే మాట మనం చాలా ఉదారంగా వాడుతున్నాం. ఆ మాటని పరీక్షించుకోవడానికి గెనిజాకి మించిన చోటు నాకు తెలియదు.

కనిపెట్టిన వాళ్ళు

ఈ కథ మొదట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారు. ఆగ్నెస్ స్మిత్ లూయిస్, మార్గరెట్ డన్‌లప్ గిబ్సన్ కవలలు. స్కాట్లాండ్ వాళ్ళు, ఇద్దరూ భర్తల్ని పోగొట్టుకున్న వాళ్ళు. సిరియాక్, అరబిక్, హీబ్రూ సొంతంగా నేర్చుకున్నారు. 1892లో సినాయ్ కొండ కింది మఠంలో సిరియాక్ సువార్తల అతి పాత ప్రతిని ఆగ్నెస్ గుర్తించింది. 1896లో తూర్పు దేశాల ప్రయాణంలో ఇద్దరూ కొన్ని పాత హీబ్రూ కాగితాలు కొన్నారు. ఆ మే నెలలో వాటిని కేంబ్రిడ్జ్‌లో పండితుడు సోలమన్ షెక్టర్‌కి చూపించారు. ఆయన వాటిలో ఒక ఆకు బెన్ సీరా గ్రంథపు హీబ్రూ పాఠమని గుర్తుపట్టాడు. శతాబ్దాలుగా కనబడకుండా పోయిన పాఠం అది. ఆ సంవత్సరం చివర్లోనే షెక్టర్ కైరో వెళ్ళి, గెనిజాలోని కాగితాల్లో అధికభాగాన్ని కేంబ్రిడ్జ్‌కి తరలించాడు.

ఆ సేకరణకి షెక్టర్ పేరూ, ప్రయాణానికి డబ్బిచ్చిన చార్లెస్ టేలర్ పేరూ కలిపి పెట్టారు. అక్కచెల్లెళ్ళు కొన్న దాదాపు 1,700 ముక్కలకి వాళ్ళ పేరు ఉంది, నిజమే. 2013లో కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయాలు రెండూ కలిసి వాటిని కొన్నాయి కూడా. కానీ ఈ ఇద్దరూ బతికున్న కాలంలో కేంబ్రిడ్జ్ స్త్రీలకి పట్టాలివ్వలేదు. 1948 దాకా ఇవ్వలేదు. వేరే విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లిచ్చాయి, సొంత ఊరు మాత్రం ఇవ్వలేదు. పత్రాల్లోని స్త్రీల గురించి మాట్లాడేటప్పుడు పత్రాల్ని చేతిలోకి తీసుకున్న స్త్రీల గురించీ మాట్లాడాలి. రెండు చోట్లా ఒకే సూత్రం పనిచేసింది. పని ఆమెది, పత్రం మీద పేరు ఇంకొకరిది.

గోయ్‌టైన్ కట్టిన ఇల్లు

గెనిజాని నగర జీవిత చరిత్రగా చదవడం నేర్పింది ఎస్.డి. గోయ్‌టైన్. ఆయన 'ఎ మెడిటరేనియన్ సొసైటీ' ఐదు సంపుటాలు 1967 నుంచి 1988 దాకా వచ్చాయి. అంతకుముందు పండితులు మతగ్రంథాల ముక్కలే ఏరుకుని, ఉత్తరాల్నీ లెక్కల్నీ పక్కన పెట్టేవారు. గోయ్‌టైన్ పక్కన పెట్టిన వాటినే చేతిలోకి తీసుకున్నాడు. పదకొండో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా ఫుస్తాత్‌లో కిందిస్థాయి మధ్యతరగతి కుటుంబం నెలకి రెండు దీనార్లతో బతకగలదని లెక్కగట్టాడు. ఆ ఒక్క లెక్క తెలిస్తే చాలు, ప్రతి పెళ్ళి ఒప్పందమూ ప్రతి వీలునామా మనతో మాట్లాడటం మొదలుపెడుతుంది.

మూడో సంపుటం, 1978లో వచ్చింది, కుటుంబం గురించి. 'స్త్రీల ప్రపంచం' అన్న భాగం అందులోనే ఉంది. వ్యాపారం ఒక సంపుటం, సమాజం ఒక సంపుటం, కుటుంబం ఒక సంపుటం, స్త్రీలు ఆ కుటుంబంలో ఒక భాగం. స్త్రీలు వ్యాపారంలోనూ కోర్టులోనూ ఉన్నారని సాక్ష్యం పోగుచేసినవాడే వాళ్ళని ఇంట్లో కూచోబెట్టాడు. ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు. కానీ పుస్తకం కట్టే పద్ధతే ఒక వాదన అని విమర్శకులం మరిచిపోకూడదు.

గోయ్‌టైన్ గమనించిన వాటిలో నన్ను బాగా పట్టుకున్నది పేర్ల సంగతి. ఆ నగరంలో యూదు పురుషులకి బైబిల్ పేర్లుండేవి. స్త్రీలకి దాదాపు ఉండవు. వాళ్ళ పేర్లు అరబిక్‌వి, వాటిలో ఏలిక, గెలుపు, ఆధిపత్యం ధ్వనిస్తాయి. సిత్త్ అల్ కుల్ అంటే అందరి మీదా దొరసాని. లబ్వా అంటే ఆడసింహం. ఈ పేర్లు తల్లులూ అమ్మమ్మలూ పెట్టి ఉంటారని ఆయన ఊహ. మతగ్రంథం భాషలో చోటులేని వాళ్ళు కూతురి పేరులో తమ కోరికని దాచుకున్నారన్నమాట. ఆ పేర్లే ఉత్తరాల్లో మాయమైపోతాయి. దూరదేశంలో ఉన్న వర్తకుడు భార్యని పేరు పెట్టి రాయడు. 'ఇల్లు' అని, 'ఇంట్లో ఉన్నవాళ్ళు' అని రాస్తాడు. 'మా ఇంట్లో వాళ్ళు', 'ఇంటిది' అనే మాటలు వింటూ పెరిగిన మనకి దీనికి వివరణ అక్కర్లేదు.

సారె జాబితా

కెతుబ్బా అంటే యూదుల పెళ్ళి ఒప్పందం. వరుడు ఇవ్వాల్సిన సొమ్ము రెండు భాగాలు. కొంత పెళ్ళినాడే ఇస్తాడు. మిగిలింది విడాకులిచ్చినప్పుడో తాను చచ్చిపోయినప్పుడో భార్యకి చెల్లాలి. మన దగ్గర కొన్ని కులాల్లో ఉన్న ఓలిని తలపించేదే గానీ, ఆ రెండో భాగం అసలు కీలకం. అది భర్త నెత్తిన వేలాడే అప్పు. తొందరపడి వదిలేయకుండా ఆపే తాళం. దాని పక్కనే పుట్టింటి సారె జాబితా. బంగారు గాజులు, ముత్యాలు, పట్టుబట్టలు, పరుపులు, రాగి పాత్రలు, ఒక్కో వస్తువుకీ ధర వేసి రాస్తారు. ఆ జాబితా ఆమె ఆస్తికి రశీదు.

ఇంకా ఆసక్తికరమైనవి షరతులు. మొదటి భార్య ఒప్పుకోకుండా రెండో పెళ్ళి చేసుకోకూడదు. ఆమెకి ఇష్టంలేని దాసిని ఇంట్లో పెట్టకూడదు. ఏ ఊళ్ళో కాపురం పెట్టాలో ముందే తేల్చుకోవాలి. యూదు ధర్మం ప్రకారం భార్య సంపాదన భర్తది, దానికి బదులు ఆమె పోషణ అతని బాధ్యత. కొన్ని ఒప్పందాలు దీన్ని తిరగరాశాయి. ఆమె సంపాదన ఆమెదే, బట్టలు ఆమే కొనుక్కోవాలి. దూరప్రయాణం వెళ్ళేవాడు ఇన్నాళ్ళలో తిరిగిరాకపోతే చెల్లేలా షరతుతో కూడిన విడాకుల పత్రం రాసిచ్చి వెళ్ళే పద్ధతి ఉండేది. లేకపోతే భర్త బతికున్నాడో లేడో తెలియని స్త్రీ జన్మంతా కట్టుబడి ఉండిపోవాలి.

ఇవి చదివి మనం సంబరపడతాం. అక్కడే ఆగాలి. ఎవరి బలం వల్ల ఈ షరతులు కాగితం మీదికి వచ్చాయి? 'కమింగ్ ఆఫ్ ఏజ్ ఇన్ మిడీవల్ ఈజిప్ట్'లో ఎవ్ క్రాకోవ్‌స్కీ చూపించింది ఇదే. ఆడపిల్ల హక్కు కాగితం మీదుండేది, అమలు మాత్రం పుట్టింటి వాళ్ళ చేతిలో ఉండేది. వెనక నిలబడే తండ్రో అన్నో ఉంటే ఆ షరతులకి ప్రాణం ఉంటుంది. లేకపోతే లేదు. కొడుకులుంటే తండ్రి ఆస్తిలో కూతురికి వారసత్వ హక్కు ఇవ్వని ధర్మంలో, సారె ఒక్కటే ఆమె వాటా. విడాకులు భర్త ఇవ్వాల్సిందే కాబట్టి, బయటపడాలనుకున్న భార్య తన రెండో భాగం సొమ్ము వదులుకుని విడుదల కొనుక్కునేది. అలాంటి పత్రాలకి గెనిజాలో లోటు లేదు. 'లివింగ్ విత్ ద లా' అనే 2023 నాటి పుస్తకంలో ఓడెడ్ జింగర్ ఆ కోర్టుల్లో రాజీ అనేది స్త్రీల మీద ఎలా ఒత్తిడిగా పనిచేసిందో విడమరిచి చెప్పాడు. ముస్లిం ఖాజీ దగ్గరికి వెళతానన్న బెదిరింపు వాళ్ళకున్న కొద్ది ఆయుధాల్లో ఒకటి. రాజీ పత్రంలో ఆమె 'ఇష్టపూర్వకంగా' వదులుకున్నట్టే రాసి ఉంటుంది. ఆ మాట మూస. మన కోర్టు కాగితాల్లో మాట కూడా అదే.

వుహ్‌షా

గెనిజాలో మనందరికీ నచ్చే స్త్రీ ఒకామె ఉంది. అసలు పేరు కరీమా. ఊరంతా అల్ వుహ్‌షా అని పిలిచింది. అందరూ కోరుకునేది అని ఒక అర్థం, లొంగనిది అని ఇంకో అర్థం చెప్పారు. పదకొండో శతాబ్దం చివర్లో ఫుస్తాత్‌లో దళారీ వ్యాపారం చేసింది. పెళ్ళయింది, కూతురు పుట్టింది, విడిపోయింది. తరవాత అస్కలాన్ నుంచి వచ్చిన హస్సూన్ అనే అతనితో సంబంధం. యూదు కోర్టు గుర్తించే పెళ్ళి కాదు అది. గర్భం వచ్చింది. అతను బిడ్డని కాదంటాడేమోనని భయపడింది. ఒక పెద్దమనిషి సలహా మీద, హస్సూన్ తన ఇంట్లో ఉన్నప్పుడు సాక్షులు వచ్చి చూసేలా ఏర్పాటు చేసుకుంది. బిడ్డకి తండ్రెవరో రేపు ఎవరూ వేలెత్తి అడగకుండా, తన పరువుకి మచ్చ అనుకునేదాన్నే సాక్ష్యంగా మార్చుకుంది. ఉపవాసదినాన సినగాగ్‌కి వెళితే సంఘ పెద్ద ఆమెని బయటికి పంపేశాడు.

ఆమె వీలునామా దొరికింది. ఆస్తి దాదాపు 700 దీనార్లు. నెలకి రెండు దీనార్ల లెక్క గుర్తు తెచ్చుకుంటే ఎంతో తెలుస్తుంది. తన అంత్యక్రియలకి 50 దీనార్లు పెట్టింది. సినగాగ్‌లలో రాత్రిపూట చదువుకునేవాళ్ళ కోసం దీపాల నూనెకి డబ్బు రాసింది. తనని వెళ్ళగొట్టిన సినగాగ్ కూడా అందులో ఉంది. కొడుక్కి చదువు చెప్పే పంతులు ఇంట్లోనే ఉండాలని, అతనికి దుప్పటీ పడకా ఇవ్వాలని, వారానికి ఇంత అని జీతం కూడా నిర్ణయించింది. తరవాతి పత్రాల్లో ఆ కుటుంబం వాళ్ళని ఆమె పేరుతోనే గుర్తుపట్టారు.

గోయ్‌టైన్ 1967లో ఆమె మీద ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. అప్పట్నుంచీ గెనిజా స్త్రీలనగానే వుహ్‌షా ముందుకొస్తుంది. ఆమె నాకూ ఇష్టమే. కానీ ఆమె పత్రాల్ని రెండోసారి చదివితే మనం పొగిడే 'తిరుగుబాటు' వాటిలో కనబడదు. కనబడేది జాగ్రత్త. సాక్షుల్ని రప్పించుకోవడం జాగ్రత్త. వెళ్ళగొట్టిన గుడికి నూనె రాయడంలో క్షమ కంటే కొడుకు రేపు ఆ గుమ్మం తొక్కాలన్న లెక్క ఎక్కువగా వినిపిస్తుంది. పంతులు జీతం రాసింది అందుకే. చట్టం తనని నమ్మదని తెలిసిన స్త్రీ చట్టానికి కావలసిన కాగితాన్ని ముందే తయారుచేసి పెట్టుకుంది. దీన్ని తిరుగుబాటు అని పిలిచి మురిసిపోతే ఆమె తెలివిని మనమే తక్కువ చేసినట్టు. పూర్వ స్త్రీలలో మన ముఖం వెతుక్కునే అలవాటు మనది. దొరక్కపోతే వాళ్ళని వదిలేస్తాం. దొరికితే మిగతా స్త్రీలని మరిచిపోతాం.

పంతులమ్మ కథ, రెండుసార్లు

'గొంతు' గురించిన నా ప్రశ్నకి అందరికంటే దగ్గరగా వచ్చే ఉదాహరణ, పన్నెండో శతాబ్దపు మహా పండితుడు మైమొనిడీస్ ఫుస్తాత్‌లో ఇచ్చిన తీర్పుల్లో ఉంది. ఒకే తగాదా గురించి ఆయనకి రెండు ప్రశ్నలొచ్చాయి. ఒకటి భర్త వైపు నుంచి, ఒకటి భార్య వైపు నుంచి.

భర్త వైపు ప్రశ్నలో విషయం ఇది. నా భార్య పిల్లలకి చదువు చెబుతోంది, పిల్లల తండ్రులు ఆ చోటుకి వస్తుంటారు, అది నాకు పరువు తక్కువ, మానెయ్యమంటే మానడం లేదు. భార్య వైపు ప్రశ్నలో విషయం వేరు. తొమ్మిదేళ్ళప్పుడు పెళ్ళయింది. భర్త ఏళ్ళకేళ్ళు చెప్పకుండా వెళ్ళిపోయేవాడు, తిండికి లేకుండా వదిలేసేవాడు. అన్న బడి నడుపుతుంటే ఆమె అందులో చేరి పిల్లలకి గ్రంథపాఠం చెప్పింది. అన్న ఊరు విడిచి వెళ్ళాక బడిని తానే నడిపించింది. ఎదిగిన కొడుకు తోడయ్యాడు. పిల్లలు వస్తున్నది ఆమెని చూసి. ఇప్పుడు తిరిగొచ్చిన భర్త బడి మూసెయ్యమంటున్నాడు.

రెంటిలోనూ అబద్ధం ఉండనక్కర్లేదు. కథ ఎక్కడ మొదలుపెట్టాలన్నదే తేడా. భర్త కథ బడి గుమ్మం దగ్గర మొదలవుతుంది. భార్య కథ తొమ్మిదేళ్ళ వయసు దగ్గర మొదలవుతుంది. ఆమె అన్నమాటలు అక్షరాలా ఇవి కాకపోవచ్చు. ఎవరో చదువుకున్న మగవాడు రాసిపెట్టాడు. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చింది ఆమె. నా ఉద్దేశంలో గొంతు అంటే అదే. మాటల ఎంపిక లేఖకుడిది కావచ్చు, వరస మాత్రం ఆమెది.

మైమొనిడీస్ తీర్పులో కూడా రెండు పొరలున్నాయి. భర్త వద్దనే హక్కుని ఆయన కాదనలేదు. దానితోపాటే ఆమెకి దారి చూపించాడు. భర్తని నిరాకరించినదానిగా ప్రకటించుకుంటే కోర్టు విడాకులు ఇప్పిస్తుంది. రెండో భాగం సొమ్ము పోతుంది. ఆ తరవాత ఆమె తన ఇష్టానికి తనే యజమాని, ఎవరికి కావాలంటే వాళ్ళకి చదువు చెప్పుకోవచ్చు. ఇది ఉదారమైన తీర్పని చాలామంది అంటారు. ఉదారమే, కానీ దాని వెల ఎవరు చెల్లిస్తారో చూడండి. బడి నడుపుకునే హక్కుని ఆమె తన భద్రతతో కొనుక్కోవాలి. ఉద్యోగమా కాపురమా అనే ప్రశ్న మన కథల్లో ఎన్నిసార్లు వచ్చిందో మీకు చెప్పనక్కర్లేదు.

పేద స్త్రీల అర్జీల్లోనూ ఇదే పద్ధతి. సంఘానికి మొర పెట్టుకునే విధవలూ భర్తలు వదిలేసిన వాళ్ళూ తమని 'తెగిపోయినదాన్ని' అని చెప్పుకుంటారు. మొగుడు లేడు, కొడుకు లేడు, అన్నదమ్ముడు లేడు అని వరసపెట్టి రాయిస్తారు. పేదల ఉత్తరాల్ని 2005లో అచ్చువేసిన మార్క్ కోహెన్ ఇలాంటి మూసల్ని వివరంగా చూపించాడు. మూస కాబట్టి నిజం కాదని కొట్టేయడం తేలిక. కానీ మూసని వాడుకోవడం తెలిసిన స్త్రీ, ఎవరి ముందు ఏ మాట పనిచేస్తుందో తెలిసిన స్త్రీ. ఏడుపు పాటలకి కూడా మూసలుంటాయి. అందువల్ల దుఃఖం దొంగదవుతుందా?

ఆశు

ఇక మన తీరానికి వద్దాం. అబ్రహాం బెన్ యిజూ అనే వర్తకుడు పన్నెండో శతాబ్దంలో దాదాపు పదిహేడేళ్ళు మంగళూరులో ఉండి మిరియాలు ఎగుమతి చేశాడు, కంచు సామాన్ల కార్ఖానా నడిపాడు. అతని కాగితాలు చివరికి ఫుస్తాత్ గెనిజాకి చేరాయి. వాటిలో 1132 అక్టోబర్ 17న మంగళూరులో రాసిన దాస్య విముక్తి పత్రం ఒకటుంది. ఆశు అనే దాసిని అతను విడుదల చేస్తున్నాడు. ఇకమీద ఆమె తనకి తనే యజమాని, స్వతంత్రురాలు, యూదు సమాజంలో ఒకర్తె అని మూస ప్రకారం రాశాడు. ఆమెకి బెరాఖా అని కొత్త పేరు పెట్టాడు. ఆశీర్వాదం అని దానర్థం. ఆమె అతని పిల్లలకి తల్లి అని పండితులు నిర్ధారించారు.

అమితావ్ ఘోష్ 1992లో 'ఇన్ ఆన్ యాంటిక్ ల్యాండ్' రాసింది ఈ బెన్ యిజూ దగ్గర పనిచేసిన ఒక భారతీయ దాసుడి జాడ పట్టుకునే. ఉత్తరాల్లో ఆ దాసుడి పేరు హీబ్రూ లిపిలో మూడే అక్షరాలు. ఆ అక్షరాల్ని పట్టుకుని తుళునాడు దాకా వెళ్ళి, అది 'బొమ్మ' అని తేల్చాడు. బొమ్మయ్యలూ బొమ్మక్కలూ ఉన్న మన చెవికి అది దగ్గరి పేరే. చరిత్ర వదిలేసిన మనిషికి పేరు తిరిగివ్వడం గొప్ప పని. ఆ పుస్తకం చదివి నేను చాలా నేర్చుకున్నాను.

కానీ ఆ పుస్తకంలో ఆశుకి దక్కిన చోటు ఎంత? బొమ్మ పేరు మీద ఉత్తరాల్లో శుభాకాంక్షలున్నాయి. ఏడెన్ వర్తకులు బెన్ యిజూ పిల్లల క్షేమం అడుగుతారు. ఆశుని ఒక్కరూ అడగరు. 'ఇల్లు' అని కూడా రాయరు. ఈ మౌనాన్ని ఘోష్ గమనించాడు. గమనించి, ప్రేమ వైపు జరిగాడు. దాన్ని ప్రేమ అని పిలవడానికి సాక్ష్యం చాలదంటూనే ఆ మాటని మన ముందు పెట్టాడు. ఆమె నాయర్ స్త్రీ కావచ్చునన్న ఊహా ఉంది. బొమ్మ విషయంలో అక్షరం అక్షరం తూచిన రచయిత ఆశు విషయంలో ఊహనే చాలనుకున్నాడు. దాసుడికి చరిత్ర ఇచ్చినవాడు దాసికి ప్రేమకథ ఇచ్చాడు. విముక్తి పత్రం ఉందంటే అంతకుముందు యాజమాన్యం ఉందని అర్థం. వద్దనడానికి వీల్లేని స్త్రీ అవుననడాన్ని ఏ పేరుతో పిలవాలి? ఈ ప్రశ్న అడగకుండా 'ప్రేమ' దాకా వెళ్ళకూడదు. ఆశు చేసుకున్న ఎంపిక ఒక్కటి కూడా కాగితం మీద లేదు. పంతులమ్మకి కథ ఎక్కడ మొదలుపెట్టాలన్న హక్కయినా దక్కింది. ఆశుకి అదీ లేదు. ఆమె పత్రంలో 'నేను' బెన్ యిజూదే.

బెన్ యిజూ 1149లో కొడుకునీ కూతుర్నీ తీసుకుని ఏడెన్ చేరాడు. కూతురు సిత్త్ అల్ దార్, అంటే ఇంటి దొరసాని, పెళ్ళి 1156లో ఫుస్తాత్‌లో అతని అన్నదమ్ముల కొడుకుతో జరిగింది. యెమెన్‌లో వచ్చిన సంబంధాన్ని కాదని రక్తసంబంధంలోనే ఇచ్చాడు. తల్లి గురించి ఆ ప్రయాణపు ఉత్తరాలు మాట్లాడవు.

ఇక్కడ సారె జాబితాల్ని మళ్ళీ తెరవాలి. కలిగినింటి ఆడపిల్లల జాబితాల్లో ముత్యాల హారం తరవాతో పరుపు తరవాతో దాసి పేరు కనిపిస్తుంది. దాసికి సాధారణంగా 20 దీనార్లు, అంటే ఒక కుటుంబానికి పది నెలల ఖర్చు. మనం ఇందాక స్త్రీధనమని, రక్షణ అని మెచ్చుకున్న ఆ జాబితాలో ఇంకో స్త్రీ వస్తువుగా ఉంది. 'నాకిష్టంలేని దాసిని ఇంట్లో పెట్టకూడదు' అన్న షరతు భార్యకి హక్కు. ఆ దాసికి అది మళ్ళీ అమ్ముడుపోవడం.

మనకెందుకు

ఈ ప్రశ్న మనకి కొత్తది కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలోని స్త్రీల మాటల్ని వాళ్ళ నోటినుంచే రికార్డు చేసింది. పత్రాలు చెప్పనిదాన్ని నోరు చెప్పింది. 1993లో 'నీలిమేఘాలు' వచ్చింది. 2003లో 'నల్లపొద్దు' వచ్చి, స్త్రీ అన్న ఒక్క మాటలో ఏ స్త్రీలు ఇమడలేదో దళిత స్త్రీల రచనలతో నిలదీసింది. గెనిజాని నేను నల్లపొద్దు తరవాత చదివాను. అందుకే వుహ్‌షా దగ్గర ఆగిపోలేకపోయాను.

బతికున్నవాళ్ళని అడగవచ్చు, తొమ్మిది వందల ఏళ్ళ కిందటి వాళ్ళని అడగలేం. అప్పుడు మిగిలేది చదివే పద్ధతి. కాకతీయ రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుందని మనకి తెలుసు. రాణి అయినా సరే, అధికారపు మూస మగది కాబట్టి ఆమె ఆ మూసలోకి వెళ్ళి కూచుంది. మూస తెలిసినవాళ్ళు దాని వెనక ఆమెని చూడగలరు. తెలియనివాళ్ళు మహారాజునే చూస్తారు. అందుకే పత్రం చదివేముందు దాని మూస నేర్చుకోవాలి. ఏ మాట ప్రతి పత్రంలోనూ వచ్చేదో, ఏ మాట ఈ ఒక్కదాంట్లోనే ఉందో విడదీయాలి. వుహ్‌షా వీలునామాలో పంతులుకి ఇచ్చిన దుప్పటి ఏ మూసలోనూ లేదు. అది ఆమెదే.

మూస తప్ప ఇంకేమీ లేని చోట, అంటే ఆశు పత్రం లాంటి చోట, ఖాళీని మన కోరికతో నింపకూడదు. ప్రేమతోనూ వద్దు, తిరుగుబాటుతోనూ వద్దు. ఆ ఖాళీ ఎవరు చేశారో, ఎందుకు చేశారో చెప్పడమే అక్కడ విమర్శ చేయగలిగిన పని. బెన్ యిజూ స్నేహితులు ఆమె క్షేమం అడగలేదు. కాబట్టి అడగలేదని రాయాలి. ప్రతిసారీ రాయాలి. సారె జాబితా చదివేటప్పుడు చివరి వరస దాకా చదవాలి. అక్కడున్న దాసిది కూడా స్త్రీల చరిత్రే. ఆమెని వదిలేసి రాసుకున్న చరిత్ర ఇంకో వర్తకుడి లెక్కల పుస్తకం అవుతుంది, అంతే.